ఆర్టీఐకి జవాబు రాలేదు: ముందు అప్పీలా, పేపరా?

మా ఊరి సీసీ రోడ్డు ఖర్చుల వివరాలు అడుగుతూ సమాచార హక్కు చట్టం కింద మండల ఆఫీసులో దరఖాస్తు ఇచ్చాను. 30 రోజుల గడువు దాటినా జవాబు లేదు. సెక్షన్ 19(1) కింద మరో 30 రోజుల్లోపు మొదటి అప్పీలు వేయాలి, అది తెలుసు. కానీ నాన్నగారు విలేకరికి చెప్పమంటున్నారు, పేపర్లో వస్తే ఆఫీసు కదులుతుందని. నాకేమో కాగితాలు చేతికి రాకముందే వార్త వస్తే అది ఆరోపణగానే మిగిలిపోతుందని, ఊళ్ళో పార్టీల గొడవగా మారుతుందని టెన్షన్. రాత్రి టీవీ చర్చలు చూసే మా వాళ్ళు గ్రామసభకు మాత్రం రారు, అక్కడ నిలదీసేవాళ్ళు కూడా లేరు.

ఇలా అప్పీలు వేసి లెక్కలు బయటికి తెచ్చినవాళ్ళు ఎవరైనా ఉన్నారా అండీ? పేపర్‌కు ఎప్పుడు చెప్పారు? గ్రామసభకు జనాన్ని ఎలా రప్పించారు?