లెట్రోజోల్‌తో పొద్దున్నే కీళ్లు పట్టేస్తున్నాయి, మందు మార్చినవాళ్లు చెప్పగలరా?

రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత అది తిరగబెట్టకుండా ఈస్ట్రోజెన్ హార్మోన్‌ని తగ్గించే మాత్ర లెట్రోజోల్ రోజూ 2.5 మి.గ్రా. వేసుకుంటున్నాను, ఇది మూడో ఏడు. పొద్దున లేవగానే వేళ్లు ముడుచుకోవు, సీసా మూత కూడా తిప్పలేను. అరగంట కదిలిస్తే గానీ పట్టు వదలదు. మోకాళ్లూ అంతే. ఎముకల గట్టిదనం చూసే డెక్సా స్కాన్‌లో వెన్నెముక టీ స్కోరు -1.4 నుంచి -2.2కి పడింది, అంటే ఎముక ఇంకా పలచబడింది. కాల్షియం, విటమిన్ డి మొదటి నుంచీ వాడుతున్నాను, నడుస్తున్నాను కూడా. ఎముకల కోసం ఆరు నెలలకోసారి జోలెడ్రోనిక్ యాసిడ్ ఇంజెక్షన్ ఇస్తామన్నారు, సరేనన్నాను. కీళ్ల సంగతే తేలడం లేదు. మాత్ర రాత్రిపూటకి మార్చాను, పారాసిటమాల్ వాడాను, తేడా లేదు. మానేద్దామంటే క్యాన్సర్ తిరగబెడుతుందని టెన్షన్. అదే రకం ఇంకో మాత్ర ఎక్సెమెస్టేన్‌కి మారతారేమో ఆలోచించుకోమన్నారు డాక్టరు గారు.

అలా లెట్రోజోల్ నుంచి ఎక్సెమెస్టేన్‌కి మారినవాళ్లకి ఈ పొద్దుటి బిగుతు తగ్గిందా, తగ్గితే ఎన్ని వారాలకి?