నీట్ రాలేదు, ఫిజియోనా స్పీచ్ థెరపీనా సైకాలజీనా... ఈ లైన్‌లో ఉన్నవాళ్ళు కాస్త చెప్పండి

ఖమ్మం_పిన్ని

అందరికీ నమస్తే అండి. మా అక్క కూతురు బైపీసీ చేసి నీట్ రెండోసారి కూడా రాసింది, సీటొచ్చే ర్యాంకు కాదు, మేనేజ్‌మెంట్ సీటు కొనే స్తోమత మా బావకి లేదు. ఇంట్లో అందరూ నర్సింగ్ అనో అగ్రికల్చర్ అనో అంటుంటే ఇది మాత్రం థెరపీ లైన్‌లోకే వెళ్తానని కూర్చుంది. ఎందుకంటే పోయినేడు మా నాన్నకి పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది, మాట కూడా పోయింది, ఆర్నెల్లు ఒక ఫిజియో అబ్బాయి ఇంటికొచ్చి చేయిస్తే ఇప్పుడు కర్ర పట్టుకుని వీధి చివర టీకొట్టు దాకా వెళ్ళొస్తున్నారు. తాతయ్య పక్కనుండి అదంతా చూసింది ఇదే. ఇప్పుడు ఫిజియో, ఆక్యుపేషనల్, స్పీచ్, సైకాలజీ అని నాలుగు పేర్లు చెప్తోంది. ఆక్యుపేషనల్ థెరపీ అంటే ఉద్యోగాలు ఇప్పిస్తారా అని మా బావ అడిగాడు, నవ్వొచ్చింది గానీ నాకూ తెలీదు. తేడా ఏంటి, చదివాక బతకొచ్చా?

నిజామాబాద్_ఫిజియో

తొమ్మిదేళ్ళుగా ఇదే పని అండి. ముందే చెప్తున్నా, ఊళ్ళో మనల్ని 'మసాజ్ అబ్బాయి' అనే పిలుస్తారు, దానికి ఫీలయ్యేవాళ్ళు రాకపోవడమే మంచిది. మసాజ్‌కీ దీనికీ సంబంధం లేదు. పక్షవాతంలో కండ చచ్చిపోదు, మెదడు నుంచి వెళ్ళే ఆర్డర్ తెగిపోతుంది, అదే కదలికని వందలసార్లు చేయిస్తుంటే మెదడులో మిగిలిన భాగం ఆ పని మళ్ళీ నేర్చుకుంటుంది. నేను వెళ్ళే ఇళ్ళల్లో సగం టైం ఎక్సర్‌సైజులకి కాదు, ఇంట్లోవాళ్ళకి నేర్పడానికే పోతుంది. పేషెంట్‌ని లేపేటప్పుడు పడిపోయిన చెయ్యి పట్టుకుని లాగుతారు, భుజం జారిపోతుంది, ఆ నొప్పితో ఇక చెయ్యే కదపనివ్వరు. ఇది ఎన్ని ఇళ్ళల్లో చూశానో లెక్కలేదు.

కోర్సు పేరు బీపీటీ, అంటే ఫిజియోథెరపీ డిగ్రీ. మా టైంలో ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగున్నరేళ్ళు, కొత్త సిలబస్‌లో ఐదేళ్ళు చేశారు. తెలంగాణలో కాళోజీ హెల్త్ యూనివర్సిటీ కిందా ఏపీలో ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ కిందా కాలేజీలున్నాయి, హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రిలో కూడా ఉంది. డబ్బు సంగతి దాచను, నా మొదటి జీతం పన్నెండు వేలు, ఇంట్లో చెప్పుకోవడానికి సిగ్గేసింది. మూడేళ్ళు గడిచాక హోమ్ విజిట్లతో గాడిలో పడ్డా. అమెరికా వెళ్ళాలనుకుంటే బీపీటీ చూపించగానే పని ఇవ్వరు, డిగ్రీ ఇవాల్యుయేషన్ చేయించి ఎన్‌పీటీఈ అనే అక్కడి ఫిజియో లైసెన్స్ పరీక్ష పాసవ్వాలి.

డబ్బులొచ్చేదిచెప్పు

ఐదేళ్ళు చదివి పన్నెండు వేలా 😂 ఆ అమ్మాయిని ఏదన్నా కోడింగ్ కోర్సులో చేర్పించండి ఆంటీ.

నిజామాబాద్_ఫిజియో

లే ఆఫ్ అయ్యి నడుంనొప్పితో మా దగ్గరికే వస్తున్నారు బ్రో మీవాళ్ళు, కూర్చోండి కాసేపు.

చిన్నూ_అమ్మ

పిన్నిగారూ, ఆక్యుపేషనల్ గురించి నేను చెప్తా, డాక్టర్ని కాదు, ఆటిజం ఉన్న బాబు తల్లిని. ఫిజియో చెయ్యి పైకి లేపిస్తే, ఓటీ (ఆక్యుపేషనల్ థెరపిస్ట్) ఆ చేత్తో అన్నం కలుపుకుని ముద్ద నోటిదాకా తెచ్చుకునేలా చేస్తారు. బొత్తాం పెట్టుకోవడం, చెంబుతో నీళ్ళు పోసుకోవడం, పెన్సిల్ పట్టుకోవడం, రోజూ చేసుకునే పనులే వాళ్ళ సబ్జెక్టు. మావాడు క్షవరం అంటే కాలనీ మొత్తం వినపడేలా ఏడ్చేవాడు, మొండితనం అనుకుని నేనే రెండు దెబ్బలు కూడా వేశా (ఇప్పటికీ గుర్తొస్తే కడుపులో దేవినట్టుంటుంది). ఆ దువ్వెన తగలడం, మిషన్ చప్పుడు వాడికి మనకి అనిపించినట్టు అనిపించదని ఓటీ మేడం చెప్పాకే తెలిసింది. ముందు తలకి మెత్తటి బ్రష్, తర్వాత ఆపేసిన మిషన్ చేతికిచ్చి ఆడించడం, అలా నాలుగు నెలలకి కుర్చీలో కూర్చున్నాడు.

కానీ అంతకుముందు ఒక సెంటర్‌లో ప్యాకేజీ అని చెప్పి ముందే డబ్బంతా కట్టించుకున్నారు, తీరా అడిగితే అక్కడి 'థెరపిస్ట్' చేసింది వీకెండ్ కోర్సు. మీ అమ్మాయి చదివితే అసలు డిగ్రీయే చదవమనండి. ఓటీ కాలేజీలు మన దగ్గర బాగా తక్కువ, మా మేడం ఒడిశాలో కటక్ దగ్గర నిర్తార్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థలో చదివారట.

మాటలమాస్టారు

స్పీచ్ నాది. కోర్సు బీఏఎస్ఎల్‌పీ (వినికిడి, మాటల థెరపీ డిగ్రీ), మూడేళ్ళు చదువు ఒక ఏడాది ఇంటర్న్‌షిప్. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో అలీ యావర్ జంగ్ ఇన్‌స్టిట్యూట్ సెంటర్ ఉంది, పెద్దది కావాలంటే మైసూర్‌లో ఐష్, అంటే ఆలిండియా స్పీచ్ అండ్ హియరింగ్ ఇన్‌స్టిట్యూట్ (1965 నుంచి ఉంది). చేరే ముందు ఆ కాలేజీకి ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) గుర్తింపు ఉందో లేదో చూడాలి, చదివాక ఆర్‌సీఐ రిజిస్టర్‌లో పేరు ఎక్కకపోతే ఆ సర్టిఫికెట్ గోడకి తగిలించుకోడానికే. ఫిజియో, ఓటీలకి అయితే 2021 చట్టంతో వేరే నేషనల్ కమిషన్ వచ్చింది, రెండూ కలిపేసుకోకండి.

మా దగ్గరికి వచ్చే పిల్లల్లో చాలామంది లేటుగానే వస్తారు, 'వాళ్ళ మేనమామ కూడా నాలుగేళ్ళకి మాట్లాడాడు, అదే వస్తుందిలే' అని ఇంట్లో పెద్దోళ్ళు ఆపేస్తారు. అందులో కొంతమందికి అసలు వినపడట్లేదని టెస్ట్ చేస్తే బయటపడుతుంది. ఇంకోటి, మింగడం కూడా మా పనే, చాలామందికి తెలీదు. పక్షవాతం వచ్చినవాళ్ళకి మంచినీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా రావచ్చు.

పిన్నిగారూ, ఒకటి అడుగుతా. నాన్నగారికి మాట ఎంతవరకు వచ్చింది? ఫిజియో గురించే రాశారు, స్పీచ్ థెరపీ చేయించారా?

ఎర్రపెన్ను

సైకాలజీ వైపు నేను. దీంట్లో కన్ఫ్యూజన్ ఎక్కువ. బీఏ సైకాలజీ అవ్వగానే థెరపిస్ట్ అని బోర్డు పెట్టకూడదు. క్లినికల్ సైకాలజిస్ట్ అవ్వాలంటే పీజీ తర్వాత ఆర్‌సీఐ గుర్తించిన రెండేళ్ళ ఎంఫిల్ ఉండేది, ఇప్పుడు అది మార్చి కొత్త కోర్సులు తెస్తున్నారు కాబట్టి చేరే సంవత్సరం ఏది నడుస్తోందో ఆర్‌సీఐ సైట్‌లోనే చూడాలి, కన్సల్టెన్సీల మాట వినొద్దు. మందులు మేం రాయం, అది సైకియాట్రిస్ట్ పని.

'ధైర్యం చెప్పడమేగా' అంటారు. ఓసీడీ (వద్దన్నా వచ్చే ఆలోచనలు, చేసిందే మళ్ళీ మళ్ళీ చేసే జబ్బు) ఉన్నావిడ గంటన్నర స్నానం చేస్తుంటే ఇంట్లో మడి అనుకుంటారు. ధైర్యం చెప్తే అది పోదు. తలుపు గొళ్ళెం ముట్టించి చేతులు కడుక్కోకుండా కూర్చోబెడతాం, ఆ భయం పెరిగి పెరిగి దానంతట అదే దిగేదాకా పక్కనే ఉంటాం, మళ్ళీ రేపు ఇంకొంచెం కష్టమైనది. చూడటానికి క్రూరంగా ఉంటుంది గానీ పనిచేస్తుంది. మీ అమ్మాయి ఏడుపు చూసి తట్టుకోగలదా లేదా ముందు తేల్చుకోమనండి. (ఎవరికైనా ఇప్పుడే అవసరమైతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416, ఫ్రీ, తెలుగులో కూడా మాట్లాడతారు.)

ఖమ్మం_పిన్ని

అందరికీ చాలా థాంక్స్ అండి. మాటల మాస్టారూ, మీ ప్రశ్న చూసి కాసేపు ఏం రాయాలో తెలీలేదు. స్పీచ్ థెరపీ అనేది ఒకటుందని మాకెవరూ చెప్పలేదు. నాన్న 'ఆ... అది... అది' అంటారు అంతే, నా పేరు కూడా రాదు. కానీ శ్రీరామనవమికి మైకులో భజన వినపడితే మాటలు తప్పకుండా పాడేశారు, అమ్మ అయితే దేవుడి మహిమ అని ఏడ్చేసింది.

మాటలమాస్టారు

కుడివైపు పడిపోయి మాట పోయినవాళ్ళలో ఇది చూస్తూనే ఉంటాం అమ్మా. మాట చాలామందికి మెదడులో ఎడమవైపు, దెబ్బ తగిలింది అక్కడే, పాటకి కుడివైపు సాయం కూడా ఉంటుంది. ఆ పాట దారినే కొందరికి చిన్న చిన్న మాటలు తెప్పిస్తాం, 'నీళ్ళు కావాలి' లాంటివి రాగం తీసి. ఏడాది దాటింది కదా అని వదిలెయ్యకండి. మొత్తం వచ్చేస్తుందని నేను చెప్పను, ఒకసారి చూపించండి.

ఖమ్మం_పిన్ని

సోమవారం సికింద్రాబాద్ తీసుకొస్తున్నాం. తాతయ్యతో లోపలికి నేనే వెళ్తా, అక్కడ ఏం చేయిస్తారో చూస్తా అని మా అమ్మాయి ఇప్పటికే నోట్‌బుక్ సర్దుకుంది. కోర్సు ఏదో ఆ తర్వాత చెప్తుందట.