సమస్య: చెఱయె సుఖమిచ్చె ఱేనికి జీవితాన

నిర్వాహకుడు: ఈసారి తేటగీతి ఛందస్సు. పైన ఇచ్చిన పాదం ఆఖరున వచ్చేలా ముందు మూడు పాదాలు రాసి, షాజహాన్, ముంతాజ్‌ల కథతో పూరించండి. 1658లో ఔరంగజేబు తండ్రిని ఆగ్రా కోటలో బంధించాడు. 1666లో కన్నుమూసేదాకా ఆయనకు అదే లోకం. చెర నిజమే, సుఖం ఎక్కడుందో మీరు చెప్పాలి.

మొదటి పూరణ:
యమున యవ్వలి గట్టున నమరెఁ దాజు
కోట బురుజునఁ గూర్చుండి కోరి చూడ
దూరమైనట్టి చెలియయె తోచె నెదుట
చెఱయె సుఖమిచ్చె ఱేనికి జీవితాన

నిర్వాహకుడు: మూడో పాదం చదివి కాసేపు ఆగిపోయానండి. యతులన్నీ, అంటే పాదం మొదటి అక్షరానికీ నడిమి నియమిత స్థానంలోని అక్షరానికీ ఉండాల్సిన పొత్తు, కుదిరాయి. కానీ తాజ్ అవతలి గట్టున లేదు. కోటా, తాజూ ఒకే గట్టున ఉన్నాయి. నది వంపు తిరగడం వల్ల నీళ్ల మీదుగా కనిపిస్తుంది. నేను ఆ ఎనిమిది మూలల బురుజు దగ్గర నిలబడి చూశాను. పొగమంచులో గుమ్మటం ఒక్కటే తేలుతున్నట్టుంది.

మొదటి సభ్యుడు: సవరించాను గురువుగారూ: "యమున వంపున దవ్వుల నమరెఁ దాజు".

నిర్వాహకుడు: ఇప్పుడు నిండుగా ఉంది.

రెండో పూరణ:
అర్జుమందను చెలియను నరసినంత
ఖుర్రము మనసు బందీగఁ గురులఁ జిక్కె
వలపు సంకెల వీడని వాని కెపుడు
చెఱయె సుఖమిచ్చె ఱేనికి జీవితాన

మరో సభ్యురాలు: ముంతాజ్ అసలు పేరు అర్జుమంద్, షాజహాన్‌ది ఖుర్రం కదా. చెరను వలపు చేయడం బాగుంది. అయితే 1607లో నిశ్చితార్థం, 1612లో పెళ్లి. అప్పటికి ఖుర్రం యువరాజే, గద్దె ఎక్కింది 1628లో. మరి "ఱేనికి", అంటే రాజుకి, అనడం ఎలా?

నిర్వాహకుడు: "ఎపుడు" అన్నారు కాబట్టి చెల్లుతుందమ్మా. ఆ సంకెల పెళ్లినాటితో తీరేది కాదుగా. 1631లో బుర్హాన్‌పూర్‌లో పద్నాలుగో కాన్పులో ఆమె పోయాక కూడా ఉంది.

మూడో పూరణ, మొదటి పాదం మాత్రమే:
నడుమ నామె, తాఁ బ్రక్కన నొదిగినాఁడు

నిర్వాహకుడు: యతి తప్పింది. "నొదిగి"లో ఉన్నది ఒకారం, నకారానికి చెల్లదు. "నడుమ నామెయు నొకదరి నాథుఁ డొదిగె" అనండి. ఊహ మాత్రం గొప్పది. తాజ్‌లో కుడి ఎడమలు అద్దంలో చూసినట్టే ఉంటాయి. ఆమె సమాధి సరిగ్గా నడిమధ్యన. ఆ తూకం తప్పించింది పడమటి పక్కన చేరిన ఆయన సమాధి ఒక్కటే. ఆ కట్టడమంతటిలో నాకు బాగా ఇష్టమైన చోటు అదే. చిక్కల్లా "జీవితాన" దగ్గర. సమాధి బతుకు తర్వాతి మాట కదా! మిగతా రెండు పాదాల్లో దాన్ని దాటించి రేపు సాయంత్రంలోగా పంపండమ్మా.