నాలుక మీద పొక్కు: బి-కాంప్లెక్స్ చాలునా, నోరు చూపించాలా?

సందేహి:
నాలుక కొన మీద ఎర్రటి చిన్న పొక్కు లేచినప్పుడల్లా మా ఇంట్లో రెండు వాదాలు మొదలవుతాయి. అది విటమిన్ లోపమేననీ, వారం రోజులు బి-కాంప్లెక్స్ మాత్రలు మింగితే పోతుందనీ ఒకరంటారు. ఎందుకు వచ్చిందో తెలియకుండా మాత్ర వేయడం తప్పనీ, వైద్యుడికి చూపించి తీరాలనీ మరొకరంటారు. మాత్ర వేసిన ప్రతిసారీ పొక్కు తగ్గిన మాట నిజమే గాని, వేయని ఒకటి రెండుసార్లు కూడా తగ్గింది. ఏది సరైన దారో కారణాలతో సహా చెప్పవలసిందిగా కోరుతున్నాను.

నిదానం:
నేను మాత్రల పక్షమే. బి12, ఫోలేట్, ఇనుము తక్కువైన వారిలో కొందరికి నోటిపూత మళ్లీ మళ్లీ వస్తుందన్నది వైద్యులూ ఒప్పుకున్న విషయం. నాకు రక్తపరీక్షలో బి12 బాగా తక్కువగా ఉన్నట్టు తేలింది. సూదిమందు తీసుకున్న తరువాత పూత రావడం చాలావరకు తగ్గింది. పైగా ఇవి నీటిలో కరిగే విటమిన్లు కనుక, ఎక్కువైనది మూత్రంలో పోతుంది. నష్టం లేనిదానికి ఇంత తర్జనభర్జన ఎందుకు? ప్రతి పొక్కుకూ ఆసుపత్రికి పొమ్మంటే జనం భయపడతారు.

పరిశీలన:
నిదానం గారూ, మీకు మేలు చేసింది రక్తపరీక్ష తరువాత తీసుకున్న మందు, ఊహ మీద మింగిన మాత్ర కాదు. నా అభ్యంతరమంతా ఆ తేడా గురించే.

బి12 గాని ఇనుము గాని బాగా తగ్గినప్పుడు నాలుక మీద సాధారణంగా బుడిపెలు లేవవు, ఉన్న బుడిపెలే అరిగిపోతాయి. నాలుక నున్నగా, ఎర్రగా, మంటగా తయారవుతుంది. కొందరిలో దానితోపాటు పుండ్లు కూడా పడతాయి. పుండు అంటే పైపొర ఊడి ఏర్పడిన గుంట. మధ్యలో తెల్లగానో పసుపుగానో ఉండి, చుట్టూ ఎర్రటి అంచు ఉంటుంది. పొక్కు పైకి లేచి ఉంటుంది. ఈ రెండింటినీ ఒకే పేరుతో పిలుస్తున్నందువల్లే ఒకే మాత్ర సర్వరోగ నివారిణిలా కనిపిస్తోంది.

సందేహి గారు చెప్పినది, అంటే కొన మీద ఒక్కసారిగా లేచి సూది గుచ్చినట్టు నొప్పిపెట్టే ఎర్రని లేదా తెల్లని చిన్న పొక్కు, చాలావరకు రుచిబుడిపె వాపే. పంటి కింద నాలుక పడినా, వేడి పదార్థం తగిలినా, కారం, పులుపు ఎక్కువైనా వస్తుంది. ఒక్కోసారి ఏ కారణమూ దొరకదు. అది రెండు మూడు రోజుల్లో దానంతటదే అణగిపోతుంది. మాత్ర వేసినా తగ్గింది, వేయకపోయినా తగ్గింది అని మీరే రాశారు. సమాధానం అందులోనే ఉంది.

మరొక సంగతి. నాలుకను బాగా బయటికి చాపి అద్దంలో చూసుకున్నవారు వెనుక భాగాన వరుసగా ఉన్న గుండ్రటి పెద్ద బుడిపెలను చూసి కంగారుపడుతుంటారు. అవి అందరికీ ఉంటాయి. సుమారు 8 నుంచి 12 దాకా, కోణాకారంలో అమరి ఉంటాయి. పక్కల వెనుకవైపు కనిపించే నిలువు మడతలు కూడా సహజమైనవే. అవి రెండు వైపులా ఒకేలా ఉన్నాయా లేదా అన్నదే చూడవలసిన విషయం.

ఇక నష్టం లేదన్న మాట. బి6ను ఎక్కువ మోతాదులో నెలల తరబడి వాడితే నరాలు దెబ్బతిని కాళ్లూ చేతులూ తిమ్మిరెక్కుతాయి. అయితే అంతకన్నా పెద్ద నష్టం కాలం గడిచిపోవడం. నా నాలుక ఎడమ అంచున నొప్పిలేని బొడిపె ఒకటి లేచింది. నాలుగు నెలలు మాత్రలే మింగాను. చివరికి ఒక దంతవైద్యురాలు నాలుక కొనను పలుచని గుడ్డతో పట్టుకుని పక్కకు లాగి, వేలితో అంచంతా తడిమి, ఆ పక్కనే విరిగిన దవడపన్ను మొనను చూపించారు. మాట్లాడిన ప్రతిసారీ అది అక్కడ ఒరుసుకుంటోంది. ఆ మొనను అరగదీసి, బొడిపెను తీసి పరీక్షకు పంపారు. ఒరిపిడి వల్ల పేరుకున్న మామూలు కండ అని తేలింది. తేలేవరకు గడిపిన ఆ వారం రోజులను మాత్రం నేను మరచిపోలేను.

నిదానం:
పరీక్ష ముందు, మాత్ర తరువాత అన్నది ఒప్పుకుంటున్నాను. కాని ప్రతివారూ వైద్యుడి దగ్గరికి పరుగెత్తనవసరం లేదన్న మాట మీద ఇప్పటికీ నిలబడతాను. ఇంట్లో ఎన్నాళ్లు ఆగవచ్చో, ఆగినన్నాళ్లూ ఏం చేయాలో చెప్పండి.

పరిశీలన:
ఆ మాటలో మీతో నాకు విభేదం లేదు. గ్లాసు గోరువెచ్చని నీటిలో అర చెంచా ఉప్పు కలిపి రోజుకు మూడు నాలుగు సార్లు పుక్కిలించండి. కారం, పులుపు, పొగాకు, మద్యం మానండి. పొక్కును గిల్లకండి, బ్రష్షుతో రుద్దకండి. పుండ్లు మాటిమాటికీ వచ్చేవారిలో కొందరికి, నురుగు కోసం కలిపే సోడియం లారిల్ సల్ఫేట్ లేని పేస్టుకు మారితే తగ్గుతుంది. నొప్పి తినడానికి అడ్డైతే పైపూతగా రాసే స్టెరాయిడ్ లేపనం పనిచేస్తుంది గాని, దాన్ని వైద్యుడు చెప్పాకే వాడాలి. ఎందుకంటే ఫంగస్ వల్ల వచ్చిన తెల్లపూతకు అదే రాస్తే పూత పెరుగుతుంది. మొద్దుబార్చే బెంజోకైన్ జెల్లును రెండేళ్లలోపు పిల్లలకు రాయకూడదు.

చిన్న నోటిపూత ఒకటి నుంచి రెండు వారాల్లో మానుతుంది. అందుకే నా హద్దు రెండు వారాలు, మూడు దాటనివ్వకూడదు. నొప్పి ఎంత ఉందన్నదాన్ని కొలతగా పెట్టుకోవద్దు. నాలుక క్యాన్సర్ తరచుగా పక్క అంచునే మొదలవుతుంది, తొలినాళ్లలో నొప్పి లేకుండానే ఉండవచ్చు. తాకితే గట్టిగా ఉన్న బొడిపె, గీకినా పోని తెల్లమచ్చ, రక్తం కారడం, మెడలో గడ్డ, నాలుక సరిగా తిరగకపోవడం కనిపిస్తే రెండు వారాలు కూడా ఆగవద్దు. పొగాకు, మద్యం అలవాటున్నవారు మరీ జాగ్రత్తగా ఉండాలి గాని, అలవాటు లేదన్న ధీమా పనికిరాదు.

సందేహి:
పిల్లలకూ ఇదే హద్దు వర్తిస్తుందా?

పరిశీలన:
ఆడుతూ తింటూ ఉన్న పిల్లలకు వర్తిస్తుంది. జ్వరంతో పాటు ఒంటి మీద దద్దురు లేచి, నాలుక బుడిపెలు ఉబ్బి స్ట్రాబెర్రీ పండులా ఎర్రబడితే మాత్రం ఆ రోజే చూపించాలి. అది యాంటీబయాటిక్ అవసరమైన స్కార్లెట్ జ్వరం కావచ్చు. జ్వరం ఐదు రోజులైనా దిగకుండా, కళ్లు, పెదవులు కూడా ఎర్రబడితే గుండె రక్తనాళాలను దెబ్బతీసే కవాసాకి వ్యాధి కూడా కావచ్చు.