చాక్లెట్ ఇస్తేనే సారీ చెబుతున్నాడు, ఏం చేయాలి?

మా బాబుకి ఐదో ఏడు. వాడికి మంచి అలవాట్లు నేర్పాలని ఇంట్లో అందరికీ ఉంది, పేచీ అంతా నేర్పే పద్ధతి దగ్గరే.

మా అత్తయ్య గారు వేమన పద్యాలు నేర్పిస్తారు. ఆటవెలది కదా, చిన్న చిన్న పాదాలు, చివరి పాదం ఎలాగూ ఒకటే, వాడు ఇట్టే పట్టేస్తాడు. గడగడా అప్పజెబితే ఒక చాక్లెట్. అక్కడితో ఆగితే బాగుండేది. ఇప్పుడు బొమ్మలు సర్దినా, ఇంటికొచ్చిన వాళ్లకి నమస్కారం పెట్టినా "ఏమిస్తావ్?" అని చెయ్యి చాపుతున్నాడు. మొన్న చెల్లిని తోసేశాడు. అది ఏడుస్తుంటే "సారీ చెబితే ఎన్ని చాక్లెట్లు?" అని బేరం! నవ్వొచ్చింది, టెన్షన్ కూడా వచ్చింది.

మావారేమో రెండు తగిలిస్తే దారికొస్తాడంటారు. బళ్లోనే పిల్లల్ని కొట్టకూడదని 2009 విద్యాహక్కు చట్టం చెబుతుంటే, ఇంట్లో కొట్టడమేంటని నా వాదన.

చాక్లెట్లు ఒక్కసారిగా ఆపేయాలా, మెల్లగా తగ్గించాలా? ఆపితే వాడు చేసే గొడవకి అందరం ఒకే మాట మీద ఉండగలమా అన్నది నా అసలు అనుమానం. మెచ్చుకోలు మాట, రాత్రి ఇంకో కథ లాంటివి ఈ వయసులో పనిచేస్తాయా, లేక అవీ బేరంలోకే వస్తాయా?

ఇంకోటి, అత్తయ్య గారిని నొప్పించకుండా ఈ సంగతి ఎలా ఎత్తాలి? పద్యాలు మానేయమని కాదు, చాక్లెట్ గురించే. టీచర్లు, పిల్లల్ని పెంచిన పెద్దవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.