‘ఉన్న ఊరు’ అంటే ఏ ఊరు?

పోయిన నెల నెల్లూరు నుంచి ఒడిశాలోని బరంపురానికి బదిలీ మీద వచ్చాను. కాగితాల మీద బ్రహ్మపుర్, తెలుగువాళ్ల నోట మాత్రం బరంపురమే. ఇచ్ఛాపురం దాటితే వచ్చే ఊరే కదా, భాషతో ఇబ్బంది ఉండదనుకున్నాను. నిజంగానే లేదు. బడా బజారులో అప్పడాలు కొనడానికి రెండు రోజులు వల్లెవేసిన ఒడియా వాక్యం అప్పజెబితే, అమ్మే ఆవిడ ఓపికగా చివరిదాకా విని “ఎన్ని కట్టలమ్మా?” అంది.

చిక్కు ఇంటి యజమానురాలి దగ్గర వచ్చింది. మీ ‘ఘరొ’ ఎక్కడ అని అడిగారు. మేడ మీది వాటా ఇచ్చింది తనే కదా అని తెల్లబోయి పైకి చూపించాను. ఆవిడ నవ్వి, అది ‘బసా’, నేనడిగింది ఘరొ అన్నారు. ఒడియాలో బసా అంటే పక్షిగూడు, అద్దె ఇల్లు కూడా. మనం ‘బస చేశాం’ అంటాం చూడండి, దానికి చాలా దగ్గర. ఘరొ ఎక్కడ అంటే మనవాళ్లు ‘మీదే ఊరు?’ అని అడిగినట్టు. నెల్లూరు అన్నాను.

ఆ రాత్రి ఫోనులో అమ్మకు ఇదంతా చెబితే, “ఉన్న ఊరినీ కన్నతల్లినీ వదిలి పోయావు” అని ఎప్పటి నిష్ఠూరమే ఆడింది. ఎన్నిసార్లు విన్నానో ఆ మాట! ఈసారి ‘ఉన్న’ దగ్గర ఆగిపోయాను.

జనని, జన్మభూమి అన్న సంస్కృత మాటకు ఇది తెలుగు సేతే అయితే ‘పుట్టిన ఊరు’ అనాలి. మనవాళ్లు ఆ మాట అనలేదు. ‘తిన్న అన్నం’ అంటే తినడం అయిపోయింది. ‘ఉన్న ఇల్లు’ అంటే? ‘నిన్న ఇంట్లోనే ఉన్నాను’, ‘ఇప్పుడు ఇంట్లోనే ఉన్నాను’, రెండిటికీ రూపం ఒకటే. అలాంటప్పుడు నా ఉన్న ఊరు నెల్లూరా, బరంపురమా? పెద్దలు చెప్పాలి.

*పర్లాకిమిడి నుంచి:*

పుట్టిన ఊరు కాదనడానికి మా ఊళ్లోనే సాక్ష్యం ఉందండీ. గిడుగు రామమూర్తి గారు పుట్టింది శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో. పర్లాకిమిడికి ఉపాధ్యాయుడిగా వచ్చింది 1880లో. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో కలిసినప్పుడు మనసొప్పక రాజమహేంద్రవరం వెళ్లిపోయారు. యాభై ఆరేళ్ల తరవాత ఆయన వదిలింది ఉన్న ఊరినే కదా. మా తాతగారు మాత్రం కదలలేదు. ఊరే రాష్ట్రం మారింది!

*రాయగడ నుంచి, పదవీ విరమణ చేసిన తెలుగు మాస్టారు:*

అమ్మాయీ, ప్రశ్న బాగుంది, ‘తిన్న అన్నం’ పోలికా బాగుంది. అయితే నువ్వు ‘ఉన్న’ను విడిగా పట్టుకుని చూస్తున్నావు. ‘ఉన్న ఉద్యోగం మానేశాడు’ అంటాం. ఎప్పుడు ఉన్న ఉద్యోగం? మానేసే నాటికి చేతిలో ఉన్నది. ‘ఉన్న’కు కాలం దాని వెనక వచ్చే క్రియే ఇస్తుంది. మీ అమ్మగారి వాక్యంలో ఆ క్రియ ‘వదిలి’. కాబట్టి అక్కడ నెల్లూరే, అనుమానం లేదు. రేపు బరంపురం నుంచి ఇంకెక్కడికో వేస్తారు. ఆ రోజు ఇదే మాట బరంపురానికీ పడుతుంది. రాసిపెట్టుకో.

*మళ్లీ నేను:*

మాస్టారూ, అంటే వదిలేదాకా ఏ ఊరూ ఉన్న ఊరు కాదా? పెట్టెలు సగం కూడా విప్పలేదండీ, అప్పుడే ఇంకో బదిలీ అంటారేమిటి!

*బరంపురం నుంచి, పట్టు నేసే ఇంటి సభ్యుడు:*

అక్కా, ‘ఉన్న’ సంగతి మాస్టారు తేల్చేశారు. ‘కన్న’ను ఎవరూ ముట్టుకోలేదు. మా డెరా నేతవాళ్లు ఎన్నో తరాల కిందట తెలుగు నేల నుంచి వచ్చి ఇక్కడ మగ్గాలు పాతుకున్నారు. ఈ ఊరి తల్లి బుఢీ ఠాకురాణి మాకు ఆడపడుచు. రెండేళ్లకోసారి చైత్రంలో యాత్ర జరుగుతుంది. అప్పుడు అమ్మవారు గుడి విడిచి పుట్టింటికి వస్తుంది. ఆ పుట్టిల్లు మా దేశిబెహరా వీధిలోనే. బరంపురమంతా ఆవిడను తల్లి అంటుంది, మేము బిడ్డ అంటాం. వలస వచ్చినవాళ్లమే, ఊరి తల్లికి కన్నవారమయ్యాం. మా ఇంట్లో ‘కన్నతల్లి’ అంటే ఎవరు ఎవరిని కన్నట్టో మాస్టారే చెప్పాలి.

*మళ్లీ నేను:*

నేను ‘ఉన్న’ చుట్టూ తిరుగుతూ ‘కన్నవారు’ అన్న మాటే మరిచిపోయాను. తమ్ముడూ, ఈసారి యాత్ర ఏ చైత్రంలో పడుతుంది? సెలవు పెట్టి నెల్లూరు వెళ్లే ముందు తెలుసుకోవాలి. వీలైతే అమ్మనే ఇక్కడికి రమ్మంటాను.