2⁰ = 1 అని పిల్లలకు నిరూపించి చూపాలా, అది మన ఒప్పందమని చెప్పాలా?

నల్గొండ లెక్కల సార్

మాది నల్గొండ దగ్గర ఒక జిల్లా పరిషత్ హైస్కూల్. ఏడో తరగతికి ఘాతాంకాలు (సంఖ్య పైన చిన్నగా రాసే అంకెలు) చెబుతున్నాను. 2³ అంటే రెండును మూడుసార్లు రాసి గుణించడం అన్నంతవరకు ఏ ఇబ్బందీ లేదు. 2⁰ దగ్గరికి రాగానే సగం క్లాసు సున్నా అంది. "సున్నాసార్లు రాస్తే ఇంకేముంటది సార్" అన్నాడొక పిల్లాడు. నేను చెప్పిన నిర్వచనం ప్రకారం వాడన్నదాంట్లో తప్పు లేదు.

ఎప్పటిలాగే బోర్డు మీద 2³ ÷ 2³ రాశాను. ఎనిమిదిని ఎనిమిదితో భాగిస్తే 1. భాగహారంలో పైదాని ఘాతాంకంలోంచి కిందిదాని ఘాతాంకం తీసివేయాలన్న సూత్రం ప్రకారం 2⁰. కాబట్టి 2⁰ = 1, నిరూపణ అయిపోయింది అన్నాను. రెండో బెంచీలో ఒకమ్మాయి నోట్సు తిరగేసి లేచింది. "సార్, పైనున్న ఘాతాంకం పెద్దదైతేనే ఈ సూత్రం అని మొన్న మీరే రాయించిన్రు. ఇక్కడ రెండూ సమానమే కదా?"

ఆ అమ్మాయి చెప్పింది అక్షరాలా నిజం. సూత్రానికి పెట్టిన షరతును నేనే దాటి, దాన్ని నిరూపణ అన్నాను. ఇన్నేళ్లూ ఇలాగే చెప్పానని ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మీరంతా ఎలా చెబుతున్నారు?

పాలమూరు టీచరమ్మ

సార్, నేను భాగహారం జోలికే పోను, అమరికతో మొదలుపెడతాను. 3⁴, 3³, 3², 3¹ ఒకదాని కింద ఒకటి. పక్కన 81, 27, 9, 3. "ఒక మెట్టు దిగితే ఏం జరుగుతోంది?" అంటే మూడుతో భాగిస్తున్నామని వాళ్లే చెబుతారు. ఇంకో మెట్టు దిగితే 1. ఇంకోటి దిగితే మూడో వంతు, ఆ తర్వాత తొమ్మిదో వంతు. సున్నా, రుణ (మైనస్ ఉన్న) ఘాతాంకాలు రెండూ ఒకే పీరియడ్‌లో అయిపోతాయి. పిల్లలే కనుక్కుంటారు కాబట్టి మర్చిపోరు. 1544లో జర్మనీలో గణిత పండితుడు స్టీఫెల్ వేసిన పట్టిక కూడా ఇలాంటిదే. పైన రుణ సంఖ్యల నుంచి ధన సంఖ్యల దాకా వరుస, కింద ఎనిమిదో వంతు, పావు, అర, 1, 2, 4, 8.

వనపర్తి రిటైర్డ్ మాస్టారు

అమ్మా, పద్ధతి బాగుంది. కానీ అమరిక దారి చూపిస్తుంది, నిజమని తేల్చదు. ఒక వృత్తం మీద చుక్కలు పెట్టి, ప్రతి చుక్కనూ మిగతా అన్నిటితో గీతలతో కలపండి, మూడు గీతలు ఒకేచోట కలవకుండా చూసుకుని. ఒక చుక్కకు వృత్తం ఒకటే ముక్క, రెండింటికి 2, మూడింటికి 4, నాలుగింటికి 8, అయిదింటికి 16. ఆరు చుక్కలకు ఎన్ని అంటే క్లాసంతా 32 అంటుంది. గీసి లెక్కపెడితే 31. నేను సర్వీసులో ఉన్నన్నాళ్లూ ఏటా ఇది గీయించేవాణ్ని.

మన పాఠంలోనే ఇంకోటి ఉంది. 3⁰, 2⁰, 1⁰ అన్నీ 1 అయితే 0⁰ కూడా 1 అనిపిస్తుంది. 0³, 0², 0¹ అన్నీ 0 అయితే 0⁰ కూడా 0 అనిపిస్తుంది. రెండు అమరికలు ఒకదానితో ఒకటి కొట్లాడుకుంటున్నాయి. ఏది నమ్మమంటారు? అందుకే పుస్తకంలో భూమి, అంటే ఘాతాంకం కిందున్న అసలు సంఖ్య, సున్నా కాకూడదని రాస్తారు. ఆ చిన్న షరతు ఎందుకుందో ఎవరూ పిల్లలకు చెప్పరు.

నా మాట ఒకటే. 2⁰ = 1 నిరూపించేది కాదు, మనం పెట్టుకున్న అర్థం. 1676లో న్యూటన్ ఒక ఉత్తరంలో, ఇతరులు ఒకటి కింద వర్గం, ఒకటి కింద ఘనం అని భిన్నంగా రాసేచోట తాను రుణ ఘాతాంకం రాస్తానని చెప్పుకున్నాడు. అది రాసే పద్ధతి, ఆయన ఎంచుకున్నది.

మిర్యాలగూడ ట్యూషన్ అన్న

మాస్టారూ, మీ మీద గౌరవంతోనే అంటున్నాను. "ఇది మన ఒప్పందం" అంటే పన్నెండేళ్ల పిల్లాడు "అయితే మనమే పెట్టుకున్నాం కదా, నేను 0 అని పెట్టుకుంటా" అంటాడు. మా దగ్గరికి వచ్చేవాళ్లలో 2⁻³ ను −8 అని రాసేవాళ్లు, −6 అని రాసేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. వాళ్లకు కావాల్సింది ఒకటే: ఘాతాంకంలో మైనస్ ఉంటే సంఖ్యను తిరగేసి హారంలో పెట్టు. పది లెక్కలు చేయిస్తే చేయి తిరుగుతుంది. అర్థం పైతరగతుల్లో తెలుస్తుంది. పరీక్ష టెన్షన్ అనుభవించేది పిల్లలు, మనం కాదు.

మర్రిగూడ బిడ్డ

నేను టీచర్‌ను కాదు, నీళ్లు పరీక్షించే ల్యాబ్‌లో పనిచేస్తాను. మైనస్ చూడగానే "సున్నా కంటే తక్కువ" అనుకోవడం పిల్లల్లోనే కాదు, కొత్తగా చేరే ట్రైనీల్లోనూ చూశాను. 10⁻³ ధన సంఖ్యే. చాలా చిన్నది, అంతే. ఇంకా ఎన్ని మెట్లు దిగినా చిన్నదవుతుంది కానీ సున్నా కాదు.

మా ఊరివైపు పిల్లలకు ఇది బాగా ఎక్కే ఉదాహరణ ఫ్లోరైడ్. తాగునీళ్లలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. గ్రాముల్లో రాస్తే 1.5 × 10⁻³. లీటరు నీళ్లు దాదాపు కిలో, అంటే పది లక్షల మిల్లీగ్రాములు. కాబట్టి నీళ్ల బరువులో ఫ్లోరైడ్ 1.5 × 10⁻⁶ వంతు. కంటికి కనపడదు, నాలుకకు తెలియదు. దానికి ఎన్నో రెట్లున్న బోరు నీళ్లు ఏళ్లతరబడి తాగితే ఎముకలు వంగిపోవచ్చు. మా పెదనాన్న నడుము నిటారుగా ఉండగా నేను చూడలేదు. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి మన నల్గొండ పేరే పెట్టారు. ట్యూషన్ అన్నా, తిరగేసి హారంలో పెట్టమంటే జవాబు వస్తుంది. ఆ జవాబు ఎంత చిన్నదో మాత్రం తెలియదు.

నల్గొండ లెక్కల సార్

అందరికీ దండాలు. మాస్టారి మాట, టీచరమ్మ మాట కలిపి నిన్న క్లాసులో చేసి చూశాను. ముందు అమరిక వేయించి "ఇది ఊహ మాత్రమే" అన్నాను. తర్వాత, 2⁰ కు ఇంకా అర్థం లేదు, మనమే ఇవ్వాలి, మీకు ఏది కావాలి అని చేతులెత్తమన్నాను. 0 కు ఎక్కువ చేతులు, 1 కి తక్కువ. ఒకడు 2 అన్నాడు.

"సరే, 0 అనుకుందాం. గుణించేటప్పుడు ఘాతాంకాలు కూడతాం కదా. 2³ × 2⁰ ఎంత కావాలి?" 3 + 0 = 3, కాబట్టి 2³ కావాలన్నారు. బోర్డు మీద 8 × 0 రాశాను. ఒక్క క్షణం ఎవరూ మాట్లాడలేదు. తర్వాత 2 అన్నవాడే లేచి "నాది కూడా పోయింది సార్, 16 వస్తుంది" అన్నాడు. ఎనిమిదిని ఎనిమిదిగానే ఉంచేది 1 ఒక్కటే.

రుణ ఘాతాంకం దగ్గర నేను చెప్పాల్సిన పని పెద్దగా పడలేదు. 2³ × 2⁻³ అంటే 2⁰, అంటే 1. 2⁻³ ను −8 అనుకుంటే −64 వస్తోంది, కుదరదు. ఎనిమిదితో గుణిస్తే 1 వచ్చేది ఎనిమిదో వంతే.

ట్యూషన్ అన్నా, ఒప్పందం అంటే ఎవరికి తోచింది వాళ్లు పెట్టుకోవడం కాదని పిల్లలే తేల్చారు. పాత సూత్రం చెడకూడదు అనుకుంటే ఒకే దారి మిగులుతుంది.

మిర్యాలగూడ ట్యూషన్ అన్న

సున్నా వరకు ఒప్పుకుంటున్నాను సార్. 8 × 0 నాకు కూడా తట్టలేదు. రుణ ఘాతాంకానికి మాత్రం లెక్కలు చేయించకుండా కుదరదు, అక్కడ నేను మారను. ఇంతకీ దీనికి ఎన్ని పీరియడ్లు పట్టింది?

నల్గొండ లెక్కల సార్

ఒకటిన్నర. మిగతా సగంలో పది లెక్కలు నేనూ చేయించాను అన్నా. బెల్ కొట్టాక రెండో బెంచీ అమ్మాయి నోట్సు తెచ్చి చూపించింది. "పైనున్న ఘాతాంకం పెద్దదైతే" అన్న షరతు మీద అడ్డగీత కొట్టి, కింద "భూమి 0 కాకుంటే చాలు" అని రాసుకుంది. రేపు 0⁰ అడుగుతుంది. మాస్టారూ, ఆ వృత్తం బొమ్మ క్లాసులో ఎలా గీయిస్తారో కాస్త వివరంగా రాయండి.